గోల్డు బావకి ముందు వరుసలో సీటు

మా బావని ఇంట్లో అందరూ గోల్డు బావ అంటారు. ఒంటి మీద బంగారం ఉందని కాదు. ఆయన పర్సులో ఒక విమానాల కంపెనీవాళ్ళు ఇచ్చిన కార్డు ఉంది. పసుపు రంగు ప్లాస్టిక్ ముక్క. దాని మీద ఆయన పేరు, పేరు కింద పన్నెండు అంకెలు, ఆ కింద గోల్డ్ అన్న మాట. ఎక్కడ పర్సు తీసినా ఆ కార్డు ఎలాగో పైకి వచ్చేస్తుంది. కూరగాయల కొట్లో చిల్లర కోసం తీసినా ముందు అదే కనపడుతుంది. కొట్టువాడికి దాంతో పనేమీ లేదు, అయినా ఒకసారి చూసి తల ఊపుతాడు. బావకి ఆ మాత్రం చాలు.

నేను ఆయన బావమరిదిని. బస్సు డిపోలో టైమ్‌కీపర్ని. మా బస్సుల్లో బంగారం, వెండి అంటూ తేడాల్లేవు. ముందెక్కినవాడు కూర్చుంటాడు, వెనకెక్కినవాడు నిలబడతాడు, గుంత వస్తే అందరి నడుములూ ఒకేసారి విరుగుతాయి. అందుకని ఈ కార్డుల గొడవ వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. మా అక్క వైపు మొగ్గి రాశానని తర్వాత ఎవరూ నన్ను అనక్కర్లేదు, మొగ్గే రాస్తున్నాను.

బావ తెలివితక్కువ మనిషేమీ కాదు. ఆయన కాటాలు సరిచూస్తాడు. బరువు తూచే ప్రతి యంత్రాన్నీ ఏడాదికోసారి ఎవరో ఒకరు వచ్చి సరిగ్గా తూస్తోందో లేదో చూసి సీలు వేసి వెళ్ళాలి. నగల కొట్లో గాజు పెట్టెలో ఉండే బుల్లి కాటా నుంచి సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర లారీని లారీగా తూచే కాటా దాకా అన్నీ ఆయన చేతి కిందికి వస్తాయి. దానికోసం ఆయన దగ్గర స్టీలు తూనికరాళ్ళ పెట్టె ఉంటుంది. లోపలంతా మెత్తటి గుడ్డ. ఆ రాళ్ళని చేత్తో ముట్టుకోనివ్వడు. వేలి చెమట అంటుకుంటే బరువు మారిపోతుందట. తెల్ల గ్లౌజులు తొడుక్కుని, చిన్న పిల్లల్ని ఎత్తినట్టు ఎత్తి కాటా మీద పెడతాడు. ముల్లు వెంట్రుకవాసి అటూ ఇటూ అయితే ఆ యంత్రానికి ఎర్ర చీటీ అంటించేస్తాడు. ఫ్యాక్టరీ మేనేజరు బతిమాలినా, బెదిరించినా, కాఫీ తెప్పించినా ఆ చీటీ ఊడదు. గ్రాము అంటే గ్రామే, నీకో గ్రాము నాకో గ్రాము ఉండదు అని చెప్పి వచ్చేస్తాడు. ఆ పనిలో ఆయన్ని వేలెత్తి చూపిన మనిషి లేడు.

ఇలాంటి మనిషి ఆ కంపెనీవాళ్ళ పాయింటు దగ్గర పప్పులో కాలేశాడు.

పందొమ్మిదేళ్ళ కిందట ఆఫీసువాళ్ళు బావని దూరపు ఊళ్ళకి విమానంలో పంపడం మొదలుపెట్టారు. వారానికి రెండు ప్రయాణాలు, ఒక్కోసారి మూడు. మూడో నెలలో పోస్టులో నీలం కార్డు వచ్చింది. ఆ తర్వాత వెండి, నాలుగో ఏడు గోల్డు. కార్డుతో పాటు తోలు కవరు, పెద్దాయన ఎవరో సంతకం చేసిన ఉత్తరం. మీరు మా కుటుంబ సభ్యులు అని అందులో రాసి ఉంది. సొంత కుటుంబ సభ్యులం ఆరుగురం ఆ రోజు హాల్లోనే కూర్చుని ఉన్నాం. ఆయన ఆ ఉత్తరాన్ని మా అందరికీ రెండుసార్లు చదివి వినిపించాడు.

అప్పట్లో ఆ కార్డుకి మర్యాద ఉండేదన్న మాట నిజమే. ప్రయాణికుల వరసలో నిలబడక్కర్లేదు, వేరే వరస. తూనికరాళ్ళ పెట్టెకి అదనపు బరువు ఫ్రీ. విమానం కోసం కూర్చోవడానికి వేరే గది, అందులో తోలు కుర్చీలు, వేడివేడి సూపు, నాలుగు రకాల కేకులు. భార్యని కూడా తీసుకెళ్ళచ్చు. ప్రతి ప్రయాణానికీ కొన్ని పాయింట్లు జమ. ఆ పాయింట్లు నలభై వేలు అయితే ఇద్దరికి ముందు వరుసలో, కాళ్ళు బార్లా చాపుకునే సీట్లలో రానూపోనూ టికెట్లు.

ఆ నలభై వేల దగ్గరే బావ మా అక్కకి మాటిచ్చాడు. అక్క అప్పటికి విమానం ఎక్కలేదు. మొదటిసారి ఎక్కితే ముందు సీట్లోనే ఎక్కిస్తాను, కిటికీ పక్కన కూర్చోబెట్టి, పక్కన నేను కూర్చుని దారంతా చూపిస్తాను అన్నాడు. దారి ఆయనకి కంఠతా వచ్చు. విమానం లేచిన నలభై నిమిషాలకి రెండు కొండల మధ్య ఒక ఆనకట్ట వస్తుందట. వెనక చెరువు ఆకుపచ్చగా, ముందు నీళ్ళు తెల్లగా. భోజనాల దగ్గర చెంచాలు, గ్లాసులు పెట్టి ఆ కొండలూ ఆనకట్టా చూపించేవాడు. అక్క ప్రతిసారీ కొత్తగా విన్నట్టు వినేది. ఆమెకి ముందు సీటు మీద ఆశ లేదు, విమానం మీద కూడా అంత ఆశ లేదని నా అనుమానం. వారంలో నాలుగు రోజులు ఇంట్లో ఉండని మనిషి ఒక రెండు గంటలు పక్కనే కూర్చుని కబుర్లు చెబుతానన్నాడు. ఆమె ఆశంతా దాని మీదే ఉండేది.

ముప్ఫై ఆరు వేలు చేరేసరికి కంపెనీవాళ్ళు నలభైని అరవై చేశారు. మీ ప్రయాణ అనుభవాన్ని మరింత మెరుగుపరచడానికి అని ఉత్తరం మొదలవుతుంది. ఆ మొదటి వాక్యం చూస్తేనే ఏదో ఊడిందని అర్థం చేసుకోవాలి. యాభై ఐదు అయ్యేసరికి ఎనభై అయింది. అక్కేమో ఈలోగా చెల్లెళ్ళ ఇళ్ళకీ స్నేహితురాళ్ళ ఇళ్ళకీ రైల్లోనే తిరుగుతోంది. నేనోసారి ఉండబట్టలేక, మామూలు టికెట్టు రెండు కొని ఎక్కించెయ్యి బావా, పీడా పోతుంది అన్నాను. ఆయన ఒంటికాలి మీద లేచాడు. ఇన్నేళ్ళు ఆగి ఇప్పుడు మీ అక్కని టాయిలెట్ పక్క సీట్లో కూర్చోబెట్టమంటావా అని నన్నే దులిపేశాడు.

“అసలు పాయింటు అంటే ఎంత బావా?” అని అడిగాను.

“పాయింటు అంటే పాయింటే,” అన్నాడు.

కాటా వెంట్రుకవాసి తేడా చూపిస్తే ఎర్ర చీటీ అంటించే మనిషి అన్న మాట అది. ఏడాదికోసారి ఇష్టం వచ్చినట్టు బరువు మార్చే రాయిని ఎవడైనా ఆయన బల్ల మీద పెడితే వాడి లైసెన్సు ఊడగొట్టించేదాకా నిద్రపోడు. వీళ్ళు మాత్రం ఆయన చెవిలో పూలు పెడుతుంటే చెవి ఇంకాస్త వంచి ఇచ్చాడు.

మర్యాదలు ఒక్కటొక్కటే జారిపోయాయి. ముందు భార్యని గదిలోకి తీసుకెళ్ళే సౌకర్యం పోయింది. రద్దీ ఎక్కువైందిరా, వాళ్ళు మాత్రం ఏం చేస్తారు అన్నాడు బావ. తర్వాత సూపు పోయింది. సూపు ఆరోగ్యానికి మంచిది కాదన్నాడు. నాలుగు కేకులు ఒక కేకై, ఆ కేకు బిస్కెట్టై, చివరికి గది గుమ్మంలో ఒక అమ్మాయి కూర్చుని గంట దాటితే లేవాలని చేతి మీద ముద్ర వేయడం మొదలుపెట్టింది. గోల్డు పైన ప్లాటినం అని ఒక మెట్టు పెట్టారు, దాని పైన డైమండు. వేరే వరసలో బావ ముందు డైమండ్లు, ప్లాటినాలు, పసిపిల్లల తల్లులు, ఫలానా బ్యాంకు కార్డు ఉన్నవాళ్ళు చేరారు. ఒకరోజు ఆ వరస మామూలు వరస కంటే పొడుగ్గా ఉంది. మామూలు వరసలో వాళ్ళంతా వెళ్ళిపోయి విమానంలో కూర్చున్నాక కూడా బావ తన వేరే వరసలో ఠీవిగా నిలబడే ఉన్నాడు. అదనపు బరువు కూడా తీసేశాక ఆఫీసువాళ్ళు తూనికరాళ్ళ పెట్టెని లారీలో పంపడం మొదలుపెట్టారు. రాళ్ళు ఒకరోజు, ఆయన ఒకరోజు.

ఈ కథ ఇలా నడుస్తుండగా అక్కకి పిలుపొచ్చింది.

అక్క కుట్టు శిక్షణ కేంద్రంలో టీచరు. ఇరవై ఆరు మిషన్లున్న హాలు ఆమెది. కోటు కాలర్ కుట్టడంలో ఆమెని మించినవాళ్ళు లేరు. కాలర్ మూలలు రెండూ అద్దంలో చూసుకున్నట్టు ఒకేలా రావాలి, లోపలి గుడ్డ బయటికి తొంగి చూడకూడదు. కుదరకపోతే మొత్తం విప్పించి మళ్ళీ కుట్టిస్తుంది. ఆ కాలర్లు ఎవరి కంటనో పడి, వేరే ఊరి కేంద్రంవాళ్ళు మూడు రోజులు తమ టీచర్లకి నేర్పించమని రాశారు. రానూపోనూ విమానం టికెట్టు కూడా వాళ్ళే పంపారు. బావ చెప్పే ఆ ఆనకట్ట మీదుగా పోయే విమానమే. ఇరవై ఏడో వరుస, కిటికీ పక్క.

అక్క ఆ కాగితం పట్టుకుని నా డిపోకి వచ్చింది. నా బల్ల మీద పెట్టి, సీటు నంబరు మీద వేలు పెట్టి చూపించింది. యాభై నాలుగేళ్ళ మనిషి మొహంలో ఆ వెలుగు చూసి నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఆయన కూడా వస్తే బాగుండు, ఈ వంకనైనా పక్కన కూర్చుంటారు అంది. ఆయనకి ఎలా చెప్పాలో తెలియక ముందు నా దగ్గరికి వచ్చిందట.

బావ సంతోషించాడు, లేదని అనను. కానీ ఆ ఇరవై ఏడు ఆయన గొంతులో ముల్లులా దిగింది. ఇన్నేళ్ళు ఊరించి, చివరికి ఆమె తన కాలర్లతో తనే టికెట్టు సంపాదించుకుంది, అదీ వెనక వరుసలో. ఆ టికెట్టు వాళ్ళకి తిప్పి పంపెయ్, నేను ముందు సీట్లలో తీసుకెళ్తాను అన్నాడు. అప్పటికి లెక్క తొంభై నాలుగు వేలు కావాలి. ఆయన దగ్గర తొంభై ఒకటిన్నర ఉన్నాయి.

ఆ తక్కువైన రెండున్నర వేల కోసం ఆయన చేసిన పని అలాంటి కార్డు జేబులో ఉన్నవాళ్ళు తప్ప లోకంలో ఇంకెవరూ చేయరు. శనివారం పొద్దున ఒక ఊరికి విమానంలో వెళ్ళాడు. దిగి, బయటికి కూడా పోకుండా, అదే విమానంలో అదే సీట్లో కూర్చుని తిరిగొచ్చాడు. ఆదివారం మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. ఆ ఊళ్ళో ఏం చూశావు బావా అంటే, తుడిచేవాళ్ళు ఎక్కి సీట్లు తుడిచారు, నన్ను కాళ్ళు ఎత్తమన్నారు అన్నాడు. సొంత డబ్బు పెట్టి కొన్న టికెట్లవి. ఆ డబ్బుతో అక్క పక్కన హాయిగా కూర్చుని వెళ్ళి వచ్చేవాడు.

పాయింట్లు జమ కావడానికి ఏడు పనిదినాలు పడుతుందన్నారు. ఏడో పనిదినం ఒకటో తారీఖు దాటి వచ్చింది. ఒకటో తారీఖున ఉత్తరం వచ్చింది. మీ ప్రయాణ అనుభవాన్ని మరింత మెరుగుపరచడానికి తొంభై నాలుగు వేలని లక్షా ఇరవై వేలు చేస్తున్నాం.

ఆ రోజు బావ వాళ్ళకి ఫోను చేశాడు. నేను పక్కనే ఉన్నాను. మీ ఫోను మాకెంతో విలువైనది అని ఒక గొంతు నలభై నిమిషాలు చెప్పింది. ఆ తర్వాత దొరికిన అమ్మాయి చాలా మర్యాదగా, పాయింటుకి స్థిరమైన విలువంటూ ఏదీ ఉండదని షరతుల కాగితంలో మొదటి రోజే రాసి ఉందని చెప్పింది. బావ ఆ మాట విని తెల్లమొహం వేశాడు. పందొమ్మిదేళ్ళలో ఆయన కాగితం చదవకుండా సంతకం పెట్టింది అదొక్కటే అయ్యుంటుంది.  ఆ రోజు నేను ఆయన్ని ఏడిపించలేదు.

మర్నాడు వెళ్ళి, పూర్తి ధర పెట్టి, ఇరవై ఏడో వరుసలో అక్క పక్క సీటు కొన్నాడు. మూడు రోజులు సెలవు పెట్టాడు. అక్క ఆ వారమంతా మిషన్ దగ్గర కూనిరాగాలు తీసింది.

విమానాశ్రయానికి వాళ్ళని నేనే దింపాను. సామాను ఇచ్చేచోట దాకా లోపలికి వెళ్ళనిచ్చారు కాబట్టి ఇక్కడిదాకా నా కళ్ళతో చూసిందే. అక్క పెట్టెలో నమూనా కోట్లు ఆరున్నాయి, కత్తెరలు, కాగితం కొలతలు. పెట్టెని కాటా మీద పెడితే పదిహేను కిలోలు ఉండాల్సింది పద్దెనిమిదిన్నర చూపించింది. బావ కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. కౌంటరు అమ్మాయి దాన్ని చూసి, గోల్డుకి ఇప్పుడు అదనపు బరువు లేదండీ, డబ్బు కట్టాలి అంది. బావకి ఎక్కడ లేని కోపం వచ్చింది. ఈ కాటా తప్పు చూపిస్తోంది, నేను ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నాను, దీన్ని ఎవరు సరిచూశారో ఆ చీటీ చూపించండి అన్నాడు. ఆమె వంగి, కాటా పక్కన అంటించిన పచ్చ చీటీని వేలితో చూపించింది. సరిచూడబడినది, తేదీ, కింద సంతకం. ఆ సంతకం బావదే. నాలుగు నెలల కిందట ఆయనే గ్లౌజులు తొడుక్కుని వచ్చి, రాళ్ళు పెట్టి, ముద్ర వేసి వెళ్ళాడు. గ్రాము కూడా తేడా లేదు.

బావ కుక్కిన పేనులా అయిపోయాడు. అక్క మాత్రం నవ్వింది. కింద కూర్చుని పెట్టె విప్పి, మందపాటి కోట్లు మూడు తీసి, వేసుకోండి, ఒంటి మీదున్నవి తూచరుగా అంది. ఆయన ఒకదాని మీద ఒకటి మూడు కోట్లు తొడుక్కుని, చేతులు శరీరానికి దూరంగా పెట్టుకుని నిలబడ్డాడు. చుట్టూ జనం చూస్తున్నారు. ఆయనకే నవ్వొచ్చింది. అక్కాబావా అలా కలిసి నవ్వడం నేను చాలా ఏళ్ళ తర్వాత చూశాను. లోపలికి వెళ్తూ అక్క నావైపు తిరిగి చెయ్యి ఊపింది. రెండో చెయ్యి బావ కోటు చేతిని పట్టుకుని ఉంది.

తర్వాత జరిగింది అక్క కొంత చెప్పింది, బావ కొంత చెప్పాడు. రెండూ ఒకటే కాబట్టి నమ్ముతున్నాను.

విమానం ఎక్కే ద్వారం దగ్గర బావ తన సీటు చీటీని మిషన్ మీద పెడితే అది కీచుమంది. అక్కడున్న ఉద్యోగి తెర చూసి, లేచి నిలబడి, అభినందనలండీ, ముందు వరుసలో ఒక సీటు ఖాళీ ఉంది, గోల్డు సభ్యులకి ఉచితంగా ఇస్తున్నాం అన్నాడు. ఒక్కటే. పందొమ్మిదేళ్ళలో మొదటిసారి. బావ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, మా ఆవిడకి ఇవ్వండి అన్నాడట. ఆ మాట అన్నాడని అక్క కూడా ఒప్పుకుంది. పేరు మార్చడానికి వీల్లేదండీ, కార్డు మీది, మీకు వద్దంటే తర్వాతివాళ్ళని పిలుస్తాం అన్నాడు ఉద్యోగి. వెనక వరస ఆగింది. తర్వాతివాళ్ళు అన్న మనిషి అప్పుడే ఒక అడుగు ముందుకు వేశాడు.

అక్క ఆయన మొహంలోకి చూస్తూ నిలబడింది. వద్దు అన్న రెండక్షరాల కోసం ఎదురుచూశానని నాతో చెప్పింది. బావ ఆ వెనక మనిషిని చూశాడు, ఉద్యోగి చేతిలో కొత్త చీటీని చూశాడు, అక్క వైపు తిరిగాడు.

“రెండు గంటలేగా,” అన్నాడు. “ఎలా ఉంటుందో చూసి నీకు చెప్తాను.”

చీటీ తీసుకున్నాడు.

ముందు వరుసలో ఒక అమ్మాయి వచ్చి, మీ కోటు తగిలిస్తానండీ అందట. ఆయన విప్పి ఇచ్చాడు. లోపల ఇంకోటి ఉంది. అదీ ఇచ్చాడు. మూడోది విప్పుతుంటే పక్క సీటాయన పేపరు దించి చూశాడు. నాకది వింటుంటే నవ్వాగలేదు, చెప్తున్న మనిషి మొహం చూసి మింగేశాను. కాళ్ళు చాపుకునే సీటే, వేడి తువ్వాలు ఇచ్చారు, గాజు గ్లాసులో పళ్ళరసం ఇచ్చారు. కానీ ఆ సీటు నడవ పక్కది. కిటికీ దగ్గర పేపరాయన కూర్చుని దాని మూత దించేసుకున్నాడు. విమానం లేచాక ముందువాళ్ళకీ వెనకవాళ్ళకీ మధ్య పరదా లాగేశారు. బావకి అప్పుడు గుర్తొచ్చింది, ఈ సమయానికి అక్క నేల దూరమైపోవడం చూస్తూ ఉంటుందని, పక్కన తను లేనని.

ఆయన వాచీ చూసుకుంటూ కూర్చున్నాడు. ముప్ఫై నిమిషాలు కాగానే లేచి పరదా తీశాడు. అవతల నడవ నిండా తిండి బండి ఉంది. బండి వెళ్ళేదాకా ఆగాలి, దయచేసి మీ సీట్లో కూర్చోండి అన్నారు. మా ఆవిడ వెనక ఉంది, ఆనకట్ట చూపించాలి అన్నాడు. వాళ్ళకి అర్థం కాలేదు. బండి వరుస వరుసకీ ఆగుతూ, కప్పులు ఇస్తూ, చిల్లర లెక్కపెడుతూ నడిచింది. బావ దాని వెనకే, అడుగులో అడుగు వేసుకుంటూ, ఇరవై ఏడో వరుస దాకా వెళ్ళాడు.

ఆయన డబ్బు పెట్టి కొన్న సీట్లో ఒక నర్సు కూర్చుని ఉంది. ఆఖరి నిమిషంలో సీటు ఖాళీ అయిందని పిలిచి ఎక్కించారట. అక్క, ఆవిడ తలలు దగ్గర పెట్టి కిటికీలోంచి చూస్తూ మాట్లాడుకుంటున్నారు. బావ నడవలోంచి వంగి, ఇప్పుడే వస్తుంది చూడు, రెండు కొండల మధ్య అన్నాడు.

“దాటిపోయిందండీ,” అంది అక్క. “ఈవిడ చూపించింది.”

కోపంగా అనలేదట. అదే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది. నడవలో నిలబడకూడదని వెనక నుంచి ఎవరో అన్నారు. అక్క కూడా, వెళ్ళి కూర్చోండి, మీ సీటు ఎవరైనా తీసుకుంటారు అంది. ఆయన పరదా అవతలికి వెళ్ళిపోయాడు.

వచ్చాక ఒక మధ్యాహ్నం బావ నా డిపోకి వచ్చాడు. ఎప్పుడూ రాని మనిషి. బల్ల అవతల కూర్చుని, బస్సులు పోతుంటే చూస్తూ, వద్దని అనాల్సింది రా, నోరు రాలేదు అన్నాడు. ఆ కంపెనీ మీద నా దగ్గర బోలెడు తిట్లు ఉన్నాయి, పందొమ్మిదేళ్ళుగా నూరి పెట్టుకున్నవి. అవి ఒక్కటీ పనికి రాలేదు. నలభైని లక్షా ఇరవై చేసింది వాళ్ళే. సూపు, కేకు ఎత్తేసిందీ వాళ్ళే. కానీ ద్వారం దగ్గర వాళ్ళు ఆయన్ని బలవంతం చేయలేదు, మర్యాదగా అడిగారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

ఆ కేంద్రంవాళ్ళకి అక్క పాఠం నచ్చింది. మూడు నెలలకి మళ్ళీ పిలిచారు, ఈసారి టికెట్టు మీరే కొనుక్కోండి, డబ్బు మేమిస్తాం అన్నారు. ఆదివారం నేను వాళ్ళింట్లో ఉండగా ఆమె మిషన్ మీద కాలర్ తిప్పుతోంది. బావ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, నేనూ వస్తాను, నీ పక్కనే సీటు తీసుకుంటాను అన్నాడు. గొంతులో బతిమాలుకోవడం ఉంది. అక్క మిషన్ ఆపింది. ఆమె మొహంలో ఇంకా కాస్త ఆశ ఉంది, నేను చూశాను.

“రండి,” అంది. “కానీ ముందుకు పిలిచినా వెళ్ళకూడదు.”

ఊ అనడానికి ఎంతసేపు?   బావ చెయ్యి కార్డున్న జేబు మీదికి వెళ్ళింది. అలా పిలవడం మళ్ళీ జరగదులే అన్నాడు, ఒకవేళ పిలిస్తే అప్పుడు చూద్దాం అన్నాడు, ఈసారి ఇద్దరికీ ఇస్తారేమో అని కూడా అన్నాడు. నీళ్ళు నమలడం అంటే ఏమిటో నేను ఆ రోజు దగ్గరుండి చూశాను.

అక్క ఆయన చెప్పేదంతా ఓపిగ్గా వింది. తర్వాత తల వంచి, కాలర్ మూల సరిచేసుకుని, మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. సాయంత్రం నా ఫోను అడిగి తీసుకుని, తనే టికెట్టు కొనుక్కుంది. ఒక్కటే.